జోస్యం పక్కింటి గుమ్మం తొక్కితే: తప్పు వీరుడి ఫ్యాన్ ఫిక్షన్ రాసే పద్ధతి

రాజు వారసుడు లేకుండా పోతాడు. మంత్రులు పట్టపుటేనుగు తొండానికి పూలదండ ఇచ్చి ఊరి మీదికి వదులుతారు. అది ఎవరి మెడలో వేస్తే వాడే రాజు. మన జానపద కథల్లో ఆ ఏనుగు పొరపడడం అరుదు. చెట్టు కింద కునుకు తీస్తున్న బాటసారి ఎక్కడో తప్పిపోయిన రాకుమారుడే అయి తీరతాడు. ఏనుగు పక్కవాడి మెడలో దండ వేసి ఉంటే ఏమయ్యేది? ఫ్యాన్ ఫిక్షన్‌లో, అంటే అభిమానులు తమకు నచ్చిన కథను తిరగరాసే రచనల్లో, ఈ ప్రశ్న చుట్టూ పెద్ద పాయే అల్లుకుంది. హ్యారీ పాటర్ అభిమానులు దాన్ని ‘రాంగ్ బాయ్ హూ లివ్డ్’ అంటారు, పొట్టిగా డబ్ల్యూబీడబ్ల్యూఎల్. లోకమంతా ఒక పిల్లాణ్ణి రక్షకుడని నెత్తిన పెట్టుకుంటుంది. అసలువాడు పక్క మంచం మీద ఉంటాడు.

ఈ వ్యాసం హ్యారీ పాటర్ మూలకథనే ఉదాహరణగా పట్టుకుని నడుస్తుంది. అందులో వోల్డెమార్ట్ అనే దుష్ట మాంత్రికుడు తనను ఓడించే బిడ్డ పుడతాడన్న జోస్యం విని పసివాడైన హ్యారీని చంపబోతాడు. శాపం తిరగబడి తనే కూలిపోతాడు, హ్యారీ నుదుటి మీద గాయంతో బతుకుతాడు. జోస్యం మాటల్లోనే ఇద్దరు పిల్లలకు చోటుంది, లెక్క చూసుకోవడానికి తేదీలూ ఉన్నాయి. తప్పు వీరుడి కథ నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన నేల దొరకదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మూలకథ విషయాలు కాగితం మీద రాసుకున్నాకే కూర్చోండి. సినిమాలు చూసిన జ్ఞాపకాన్ని మాత్రం నమ్ముకోవద్దు. జోస్యంలో హ్యారీ తోటి విద్యార్థి నెవిల్ లాంగ్‌బాటమ్ వాటాను సినిమాలు వదిలేశాయి. 2003లో వచ్చిన ఐదో పుస్తకం చివర్లో హాగ్వర్ట్స్ అనే మంత్రవిద్యల బడి పెద్ద డంబుల్‌డోర్ హ్యారీకి అంతా విడమరిచి చెప్పే అధ్యాయం, ఆరో పుస్తకంలో అదే విషయం మీద వాళ్ళిద్దరి మాటలు, ఏడో పుస్తకంలో ఒకప్పటి వోల్డెమార్ట్ అనుచరుడు స్నేప్ జ్ఞాపకాల అధ్యాయం: ఈ మూడూ మళ్ళీ చదవండి.

జోస్యం చెప్పింది ట్రెలానీ అనే జోస్యురాలు, హాగ్స్ హెడ్ అనే సత్రంలో, డంబుల్‌డోర్ ఎదుట. అందులోని ఆనవాళ్ళు నాలుగు. ఏడో నెల ముగిసే వేళకు పుట్టాలి. వోల్డెమార్ట్‌ను మూడుసార్లు ఎదిరించినవాళ్ళకు పుట్టాలి. వోల్డెమార్టే అతనిమీద తనకు సమానుడన్న గుర్తు వేయాలి. వోల్డెమార్ట్‌కు తెలియని శక్తి ఒకటి అతని దగ్గర ఉండాలి. నెవిల్ 1980 జూలై 30న పుట్టాడు, హ్యారీ 31న. ఇద్దరి తల్లిదండ్రులూ మూడేసి సార్లు ఎదిరించినవాళ్ళే. అంటే మొదటి రెండు ఆనవాళ్ళూ ఇద్దరికీ సరిపోతాయి. మూడోది పుట్టుకతో వచ్చేది కాదు, శత్రువు చేతుల మీదుగా జరగాల్సింది. చాటుగా విన్న స్నేప్ చెవిన పడింది మొదటి భాగమే. గుర్తు వేసే సంగతి అతను వినలేదు కాబట్టి వోల్డెమార్ట్‌కూ తెలియదు.

కథకు ఇరుసు ఇక్కడే ఉంది. జోస్యం ఎవరినీ ఎంచుకోలేదు. దాన్ని విని భయపడినవాడు ఎంచుకున్నాడు. స్వచ్ఛరక్తపు, అంటే తరతరాలుగా మాంత్రికులే ఉన్న, కుటుంబంలోని నెవిల్‌ను వదిలి, తనలాగే మిశ్రమరక్తం ఉన్న హ్యారీ మీదికి వెళ్ళాడు. ఈ సంగతి మరిచిపోయి జోస్యాన్ని జాతకచక్రంలా వాడితే, ‘అసలు జాతకుడు వీడు కాదు, వాడు’ అని చివర్లో ప్రకటించడం తప్ప కథలో చేయడానికి పని మిగలదు.

ఏ రకం తప్పో తేల్చుకోండి

తప్పు వీరుడు అన్న మాట కింద కనీసం మూడు వేర్వేరు కథలు దాక్కుని ఉన్నాయి. మొదటి అధ్యాయం రాయక ముందే ఒకటి ఎంచుకోవాలి.

ఒకటి, ఆనవాలు పొరపాటు. వోల్డెమార్ట్ వచ్చాడు, శాపం తిరగబడింది, శిథిలాల్లో ఇద్దరు పిల్లలున్నారు. పెద్దవాళ్ళు తప్పు పిల్లాణ్ణి ఎత్తుకుని లోకానికి చూపించారు. హ్యారీకి కవల సోదరుణ్ణి కల్పించి రాసే కథలు ఈ రకం. ఈ కోవలో చదివేవి చాలావరకు ఇవే. కవలల తారుమారు మన సినిమా ప్రేక్షకులకు కొత్తగా నేర్పాల్సింది కాదు కాబట్టి తెలుగులో ఇది సులువుగానే ఎక్కుతుంది. అందుకే త్వరగా పాతబడుతుంది కూడా.

రెండు, ఎంపికే మారడం. వోల్డెమార్ట్ ఆ రాత్రి లాంగ్‌బాటమ్‌ల ఇంటికి వెళ్ళాడు. ఇక్కడ నెవిల్ నిజంగానే గుర్తు పడినవాడు. లోకం పొరపడలేదు. ప్రశ్న వేరే: ఈ పిల్లాడు ఈ పనికి సరిపోతాడా? మూలకథలో ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నెవిల్‌లో మంత్రశక్తి జాడే కనబడలేదని ఇంటివాళ్ళు బెంగపడ్డారు. అలాంటి పిల్లాణ్ణి పదిహేను నెలల వయసు నుంచీ ‘లోకరక్షకుడు’ అని పిలిస్తే ఏమవుతుంది? రాసే సత్తా ఉంటే మూడింటిలోకీ లోతైన కథ ఇదే.

మూడు, ఎవరూ కారు. ఆరో పుస్తకంలో డంబుల్‌డోరే చెబుతాడు, జోస్యాల మందిరంలో ఉన్నవన్నీ నెరవేరలేదని. జోస్యం నెరవేరక్కర్లేదు, కానీ దాన్ని నమ్మి ఒక పిల్లాడి బాల్యం ఖర్చు పెట్టేశారు. ఇది 3000 పదాల చిన్న కథకు బాగా నప్పుతుంది. నవలగా సాగదీస్తే నీరుగారిపోతుంది.

రెండు రకాలు కలిపితే ఏమవుతుందో చూడండి. కవలల పొరపాటూ ఉంది, పైగా ఆ తప్పు కవల పిరికివాడు కూడా. అప్పుడు పాఠకుడికి పొరపాటు బాధించదు. ‘పిరికివాడు కాబట్టి పోనీలే’ అనిపిస్తుంది. ఒక తప్పు ఇంకో తప్పును తినేస్తుంది. తప్పు కవల ధైర్యవంతుడైతేనే పొరపాటు గుండెకు తగులుతుంది.

1981 అక్టోబర్ 31: పొరపాటు లెక్క

ఇలాంటి కథల్లో ఎక్కువ భాగం కూలిపోయేది ఈ రాత్రి దగ్గరే. అది కూడా ఒకే గొయ్యిలో పడి. కవలల కథల్లో సాధారణంగా హ్యారీ తల్లిదండ్రులు లిల్లీ, జేమ్స్ బతికే ఉంటారు. తప్పు కొడుకును గారం చేసి అసలు కొడుకును నిర్లక్ష్యం చేయడానికి వాళ్ళు కావాలి మరి. కానీ లిల్లీ బతికి ఉంటే శాపం ఎందుకు తిరగబడింది?

మూలకథలో ఆ రక్షణ ఎలా పుట్టిందో వివరంగా గుర్తు తెచ్చుకోండి. లిల్లీని వదిలేయమని స్నేప్ వోల్డెమార్ట్‌ను అడిగాడు. అందుకే వోల్డెమార్ట్ ఆమెను పక్కకు తప్పుకోమన్నాడు. ఆమె తప్పుకోలేదు. బతికే దారి చేతిలో ఉండీ వద్దనుకుని బిడ్డ కోసం చావడం వల్ల ఆ రక్షణ ఏర్పడింది. జేమ్స్ కూడా కుటుంబం కోసమే చచ్చిపోయాడు, కానీ అతనికి ఎవరూ ఆ దారి చూపలేదు. కాబట్టి మీ కథలో ముగ్గురు కావాలి: తప్పుకునే అవకాశం ఇచ్చేవాడు, ఆ అవకాశం వద్దన్నవాడు, ఆ చావు ఎవరి కోసమో ఆ బిడ్డ. అమ్మానాన్నలను బతికించాలంటే ఆ చోటులో ఇంకొకరిని నిలబెట్టండి. పిల్లల్ని చూసుకుంటున్న ముసలి బంధువు కావచ్చు. వోల్డెమార్ట్ ఆమెకు ‘తప్పుకో’ అనే అవకాశం ఎందుకిచ్చాడో కూడా మీరే చెప్పాలి.

నెవిల్ కథలో చిక్కు ఇంకా గట్టిది. స్నేప్ అడిగింది లిల్లీ కోసం. నెవిల్ తల్లి ఆలిస్ లాంగ్‌బాటమ్ ప్రాణం కోసం అడిగేవాళ్ళెవరు? ఎవరూ లేకపోతే ఆమెకు అవకాశం రాదు, రక్షణ పుట్టదు, పదిహేను నెలల నెవిల్ అక్కడికక్కడే చచ్చిపోతాడు, మీ కథ రెండో పేజీలో అయిపోతుంది. దారి మూలకథలోనే ఉంది. ఏడో పుస్తకం చివరి యుద్ధంలో వోల్డెమార్ట్ నెవిల్‌ను చంపకుండా, గొప్ప వంశంలో పుట్టినవాడివి, నా వైపు రమ్మంటాడు. స్వచ్ఛరక్తం మీద అతనికున్న ఆ లోభాన్నే ఆలిస్ దగ్గర వాడుకోండి: ‘నీ రక్తం వృథా చేయడం నాకిష్టం లేదు, పక్కకు జరుగు.’ ఒక్క వాక్యంతో చిక్కు వీడుతుంది, అతని స్వభావమూ చెదరదు.

అతను పాటర్‌ల దగ్గరికి కాక లాంగ్‌బాటమ్‌ల దగ్గరికి ఎందుకు వెళ్ళాడన్నదానికి పెద్ద కట్టుకథ అక్కర్లేదు. మూలకథలో మంత్రంతో దాచిన పాటర్‌ల ఇల్లు దొరికింది జేమ్స్ స్నేహితుడు పీటర్ పెట్టిగ్రూ ద్రోహం వల్ల. ఆ ఇంటి రహస్యం మోసే పని పీటర్‌కు అప్పగించకుండా మొదట అనుకున్నట్టే ఇంకో స్నేహితుడు సిరియస్ దగ్గర ఉంచితే చాలు, ఆ ఇల్లు వోల్డెమార్ట్ చేతికి చిక్కదు. మలుపు ఒక్కచోటే ఉండాలి. అక్కడ ఇంకో రెండు మార్పులు చేర్చారంటే, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో పాఠకుడికే కాదు, ఆరో అధ్యాయానికి మీకే గుర్తుండదు.

ఆనవాలు పొరపాటు రాసేవాళ్ళకు ఇంకో లెక్క. డంబుల్‌డోర్ మూర్ఖుడు కాడు. అతను పొరపడాలంటే కంటికి కనిపించే సాక్ష్యాలు మూడైనా ఇవ్వండి. వాటిలో రెండు నిజంగా నిజమైనవే అయి ఉండాలి, మూడోదానికి మాత్రం వేరే అర్థం ఉండాలి. ఉదాహరణకు: కూలిన పైకప్పు పెంకు తగిలి ఒకడి బుగ్గ మీద లోతుగా తెగింది, అసలువాడి నుదుటి గాయం జుట్టు కింద ఉండిపోయింది. తెగినవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, రెండోవాడు స్పృహలో లేడు. గది అంతా చీకటి మంత్రపు వాసన ఉంది. గాయం, ఏడుపు చూసి నిర్ణయించిన పెద్దమనిషిని పాఠకుడు తిట్టుకోడు, అయ్యో అనుకుంటాడు. మీకు కావాల్సింది అదే. డంబుల్‌డోర్‌ను కుట్రదారుగా చేసి, తెలిసే తప్పు పిల్లాణ్ణి నిలబెట్టాడని రాస్తే ఆ జాలి అంతా ఆవిరవుతుంది. అది ఇంకో కోవ కథ, దానికి వేరే పాఠకులున్నారు.

కవలల పుట్టిన తేదీతోనూ ఒక కిటుకు చేయవచ్చు. ఒకడు జూలై 31 రాత్రి పదకొండు ముప్పావుకు, రెండోవాడు అర్ధరాత్రి దాటాక పుట్టాడనుకోండి. రెండోవాడు ఆగస్టు బిడ్డ, జోస్యం మొదటి మాటకే సరిపోడు. ఆ సంగతి మంత్రసాని ఒక్కతికే తెలుసు. రహస్యం ఇంత చిన్నదిగా, ఇంత ఇంటిదిగా ఉంటేనే నమ్మబుద్ధి అవుతుంది.

ఏడు పేజీల పుస్తకం

మూలకథ నడిచేది ఏడు విద్యా సంవత్సరాలు, 1991 సెప్టెంబర్ నుంచి 1998 మే దాకా. ఒక నోటు పుస్తకంలో ఏడాదికి ఒక పేజీ కేటాయించి మూడు గడులు గీయండి: మూలకథలో ఏం జరిగింది, అది జరగడానికి వీరుడి దగ్గర ఏం ఉండాల్సి వచ్చింది, మీ కథలో అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది. మూడో గడి నింపేటప్పుడే కథ దొరుకుతుంది.

మొదటి ఏడాది: వోల్డెమార్ట్ ఆవహించిన ప్రొఫెసర్ క్విరెల్ హ్యారీని తాకితే ఒళ్ళు కాలిపోయింది, తల్లి రక్షణ వల్ల. తప్పు వీరుడు ఆ గదిలోకి వెళితే క్విరెల్ చేయి కాలదు. పదకొండేళ్ళ పిల్లాడు ఒంటరిగా, ఏ రక్షణా లేకుండా అక్కడ నిలబడతాడు. ఈ ఒక్క దృశ్యం మీదే మంచి చిన్న కథ రాయవచ్చు.

రెండో ఏడాది: రహస్య గది తెరవాలంటే పాముల భాష రావాలి. హ్యారీకి అది వచ్చింది అతనిలో ఇరుక్కున్న వోల్డెమార్ట్ ఆత్మ ముక్క వల్ల, అంటే హార్‌క్రక్స్ వల్ల. ఆ ముక్క ఎవరిలో ఉందో వాడికే పాములు మాట్లాడతాయి. తప్పు వీరుడికి రాదు. పేరుపొందినవాడు మూగగా నిలబడితే, మూలన ఉన్నవాడు పాముతో మాట్లాడాడని బడి అంతా భయపడుతుంది. మీ రహస్యానికి ఇది మొదటి పెద్ద చిల్లు.

మూడో ఏడాదిలో పెద్దగా మారేది లేదు, పీటర్ ద్రోహం నెత్తిన పడి సిరియస్ జైలుకు వెళ్ళాడా లేదా అన్నది తప్ప. పైన చెప్పినట్టు రహస్యం అతని దగ్గరే ఉంచితే అసలు జైలే లేదు, కాబట్టి ఆ ఏడాది మొత్తం మీ సొంతం. మూలకథ సంఘటనల్ని అలవాటుగా మళ్ళీ రాయడానికి చేయి లాగుతుంది. లాగనివ్వకండి.

నాలుగో ఏడాది: వోల్డెమార్ట్ తిరిగి ఒళ్ళు తెచ్చుకోవడానికి శత్రువు రక్తం వాడాడు. ఏ శత్రువు రక్తమైనా ఆ మంత్రం పారుతుంది, కానీ అతను హ్యారీ రక్తాన్నే పట్టుబట్టింది తల్లి రక్షణ తన ఒంట్లోకీ రావాలని. తప్పు వీరుడి రక్తం తీసుకుంటే అతను లేస్తాడు, ఆ రక్షణ మాత్రం రాదు. ఏడో పుస్తకంలో తనలోని ఆత్మ ముక్క పోవాలని చావడానికి అడవిలోకి వెళ్ళిన హ్యారీ బతికి బయటపడడానికి ఆ రక్తమే కారణం. ఇక్కడ ఒక దారం తెగితే మూడేళ్ళ తరవాత అసలువాడు అడవిలోకి నడిచినప్పుడు తిరిగి రాడు. చాలామంది రచయితలకు ఈ సంగతి చివరి అధ్యాయంలో గాని తట్టదు.

ఇంకో మందుపాతర దీనికంటే ముందుంది. హ్యారీ మంత్రదండం హోలీ చెక్కది, పదకొండు అంగుళాలు, లోపల ఫాక్స్ అనే ఫీనిక్స్ ఈక. అదే పక్షి ఈక వోల్డెమార్ట్ దండంలోనూ ఉంది. ఆ దండం అమ్ముడైన వెంటనే దండాల దుకాణదారు ఒలివాండర్ డంబుల్‌డోర్‌కు జాబు రాశాడు. మీ కథలో ఎవరూ పట్టించుకోని అసలువాడు పదకొండేళ్ళప్పుడు ఆ దండం కొంటే, ఆ జాబు 1991 వేసవిలోనే వెళుతుంది, రహస్యం బడి తెరవకముందే బట్టబయలు. దానికి మూడు మందులున్నాయి: అసలువాడికి వాడిన దండం ఏదో ఇంట్లోవాళ్ళు అంటగట్టడం (మూలకథలో నెవిల్ ఐదో ఏడాది దాకా తండ్రి దండంతోనే నెట్టుకొచ్చాడు), జాబు అందినా డంబుల్‌డోర్ నోరు మెదపకపోవడం, లేదా తప్పు వీరుడు పక్కనే నిలబడి ఉండగా ఒలివాండర్ పొరపడి అతని పేరు రాయడం. మూడోది కొంచెం నవ్వు కూడా తెప్పిస్తుంది.

ఐదో ఏడాది పేజీకి రెండు పేజీలు ఇవ్వండి. జోస్యాల మందిరంలో ఆ జోస్యం దాచిన గాజుగోళం కింద చీటీ మీద మొదట వీరుడి పేరు ఉండదు. శిశువు మీద దాడి జరిగాక అక్కడివాళ్ళు ప్రశ్నార్థకం పక్కన హ్యారీ పేరు చేర్చారు. జోస్యం ఎవరి గురించో వాళ్ళే దాన్ని అరలోంచి తీయగలరు. వేరేవాళ్ళు తాకితే మతి చెడుతుంది. అంటే మూలకథ మీ చేతిలో తిరుగులేని పరీక్ష పెట్టింది: చీటీ మీద ఉన్న పేరు మనుషులు రాసింది, గోళం మాత్రం మనుషుల మాట వినదు. తప్పు వీరుడు చేయి చాపుతాడు. అతనికి అప్పటికే అనుమానం ఉందా, లేదా? ఉండీ చాపాడా? అసలువాడు అతని చేయి పట్టి ఆపాడా, లేక ఒక్క క్షణం ఆలస్యం చేశాడా? ఆ ఒక్క క్షణం రాయగలిగితే మిగతా కథ దానంతటదే నిలబడుతుంది.

ఆరు, ఏడు ఏళ్ళకు ఒకటే సూత్రం: హార్‌క్రక్స్ ఎవరిలో ఉందో వాడి దారి అడవిలోకే. దాన్ని తప్పించే కొత్త మంత్రం కనిపెట్టొద్దు. వోల్డెమార్ట్ పాము నాగినిని చంపిన చేయి మూలకథలో నెవిల్‌ది, టోపీలోంచి వచ్చిన గ్రిఫిండార్ కత్తితో. జోస్యం పట్టించుకోని పిల్లాడు ఆఖరి హార్‌క్రక్స్‌ను నరికాడు. తప్పు వీరుడి కథ రాసేవాళ్ళకు మూలకథే చేసిన సైగ అది.

తప్పు వీరుణ్ణి పాడు చేయకండి

ఈ కోవలో బాగా కనిపించే జబ్బు బ్యాషింగ్. తప్పు వీరుణ్ణి గారాల పిల్లాడిగా, పొగరుబోతుగా, తిండిపోతుగా చూపిస్తారు, అసలువాడు మెరవాలని. దీపం వెలుగు పెంచడానికి పక్కింటి దీపం ఆర్పినట్టుంటుంది. అలా రాస్తే పాఠకుడు ఐదో అధ్యాయం నుంచి అతని అవమానం కోసం ఎదురుచూడడం మొదలుపెడతాడు. మీరు అవమానాన్ని పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది. చివరికి కథ పగ తీర్చుకునే దుకాణం అవుతుంది.

పాత్రను ఇలా కట్టండి. అతనికి నిజంగా చేతనైన పని ఒకటి ఇవ్వండి, అది వీరుడికి అక్కర్లేనిదై ఉండాలి. నెవిల్‌కు మొక్కల పని మూలకథలోనే ఉంది. బలవంతంగా నేర్పించిన పని ఒకటి, అందరూ చూస్తున్నప్పుడు మాత్రమే చేయగలిగేది. ఎవరికీ చెప్పని భయం ఒకటి. అతని బడాయి ఉంటే దాని వెనక ఈ భయం ఉండాలి. రోజువారీ వివరాలు వీటిలోంచే వస్తాయి: సంతకాలు అడిగే జనం, ప్రతి పుట్టినరోజుకూ వచ్చే విలేకరులు, పడుకునే ముందు తన గాయాన్ని అద్దంలో చూసుకుని ‘ఇది నొప్పి పుట్టదేం?’ అనుకోవడం. హ్యారీ మచ్చ వోల్డెమార్ట్ దగ్గరలో ఉంటే మండేది. ఇతనిది మండదు. మండినట్టు నటించడం ఏ వయసులో మొదలుపెట్టాడో మీరు తేల్చుకోవాలి.

సంగతి మొదట తెలియాల్సింది అతనికే. పెద్దలకూ అసలువాడికీ తరవాత. కథ మొత్తాన్ని వంద పాళ్ళు అనుకుంటే అతనికి 40 దగ్గర అనుమానం, 60 దగ్గర నిర్ధారణ, లోకానికి 80 దగ్గర తెలియడం సరిపోతుంది. లోకానికి 20 దగ్గరే తెలిసిపోతే మిగిలింది క్షమాపణల ఊరేగింపు. 95 దగ్గర తెలిస్తే అది మలుపు కాదు, మోసం. 60కీ 80కీ మధ్య అతను నిజం తెలిసీ ఆ వేషం మోస్తాడు. ఎందుకు మోస్తాడన్నదే కథ. సిగ్గా, అలవాటా, లేక తను దిగిపోతే ఆ దండ పక్కవాడి మెడలో పడి వాణ్ణి చంపుతుందని తెలియడమా?

అసలువాడికీ ఖర్చు ఉండాలి. నిర్లక్ష్యంలో పెరిగి కూడా పదకొండేళ్ళకే మహా మాంత్రికుడై, ఆస్తులు దొరికి, మూడు వంశాలకు వారసుడయ్యే హ్యారీలు కొల్లలు. అతనికి గుర్తింపు రాకపోవడం వల్ల కొన్ని మేలులూ జరిగి ఉండాలి: ప్రశాంతంగా చదువుకున్నాడు, స్నేహితులు అతని పేరు చూసి రాలేదు. నిజం బయటపడ్డాక ఇవి పోతాయి. అతను ఆ పీట ఎక్కనంటే ఇంకా మంచిది.

తెలుగులో రాసేటప్పుడు

ఇంగ్లిష్‌లో ‘యూ’ ఒక్కటే. మనకు మీరు, నువ్వు ఉన్నాయి. కథనంలో వాడు, అతను, ఆయన ఉన్నాయి. తప్పు వీరుడి కథకు ఇది ఇంగ్లిష్ రచయితలకు లేని పనిముట్టు. పదకొండేళ్ళ పిల్లాణ్ణి దుకాణదారు ‘మీరు’ అంటాడు. అదే వయసు తోబుట్టువును ‘ఒరేయ్, పక్కకి జరుగు’ అంటాడు. నిజం బయటపడిన మర్నాడు అదే దుకాణదారు ‘ఏం కావాలి నీకు?’ అంటే చాలు, ఒక పేజీ వర్ణన మిగులుతుంది. కథకుడి సర్వనామం కూడా ముందే తేల్చుకోండి. మొదట్లో తప్పు వీరుడికి అతను, అసలువాడికి వాడు పెట్టి, మధ్యలో ఎక్కడో చప్పుడు చేయకుండా మార్చవచ్చు. మార్చిన చోటు మీకు తెలియాలి, పాఠకుడికి తెలియకపోయినా ఫరవాలేదు.

బంధుత్వాలు కూడా ఇంగ్లిష్ దాచిపెట్టినవి తెలుగు అడిగేస్తుంది. అగస్టా లాంగ్‌బాటమ్ నెవిల్‌కు నానమ్మ, అమ్మమ్మ కాదు. పెటూనియా లిల్లీకి అక్క కాబట్టి హ్యారీకి పెద్దమ్మ. కవలల్లో ఎవరు అన్న, ఎవరు తమ్ముడు అన్నది మొదటి సంభాషణలోనే చెప్పక తప్పదు. అలాగని హాగ్వర్ట్స్ పిల్లలు ఒకరినొకరు ‘బావా’ అనుకోకూడదు. పేర్లతో పిలుచుకుంటే చాలు. ప్రొఫెసర్లకు ‘ప్రొఫెసర్’ అన్న పిలుపే ఉంచి క్రియను మీరుతో నడపండి. మంత్రాలు లాటిన్ వాసనతోనే తెలుగు లిపిలో పెట్టండి: ఎక్స్‌పెక్టో పాట్రోనమ్. సంస్కృతంలోకి మార్చితే పిల్లలు సంధ్యావందనం చేస్తున్నట్టుంటుంది.

పొడవు సంగతి. తెలుగులో విభక్తులు, క్రియలు అతుక్కుపోతాయి కాబట్టి అదే సన్నివేశానికి ఇంగ్లిష్ కంటే తక్కువ పదాలు పడతాయి. ఇంగ్లిష్ కథల పదాల లెక్క చూసి బెంబేలు పడి నింపొద్దు. ఒకే సన్నివేశపు కథకు 2000 నుంచి 3000 పదాలు, ఒక విద్యా సంవత్సరం కథకు 1500 పదాల అధ్యాయాలు పది, పన్నెండు చాలు. ఏడేళ్ళూ రాస్తానని మొదలుపెట్టినవాళ్ళు నాలుగో ఏడాది దగ్గర ఆగిపోవడం ఈ కోవకు పట్టిన శని. ఐదో ఏడాది మందిరం దృశ్యం నుంచి మొదలుపెట్టి వెనక్కి చూపించే పద్ధతి ఎంచుకుంటే గట్టెక్కే వీలు ఎక్కువ. మూడు అధ్యాయాలు చేతిలో నిల్వ ఉన్నాకే మొదటిది బయటపెట్టండి.

బయట పెట్టేటప్పుడు

2009లో జనానికి తెరుచుకున్న ఫ్యాన్ ఫిక్షన్ సైట్ ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్, అంటే ఏఓ3, ఇలాంటి కథలకు అనువైన చోటు. ఖాతాకు ఆహ్వానం కోసం వరుసలో ఉండాలి, కాబట్టి కథ మొదలుపెట్టిన రోజే పేరు ఇచ్చేయండి. కథా పరిచయానికి అక్కడ 1250 అక్షరాల హద్దు ఉంది. మూడు వాక్యాలు చాలు: ఎవర్ని ఎంచుకున్నారు, ఎవరు నమ్ముతున్నారు, ఎక్కడ పగులుతోంది. ట్యాగులు 75 దాకా పెట్టవచ్చు, పదిహేను దాటితే ఎవరూ చదవరు. రాంగ్ బాయ్ హూ లివ్డ్ ట్యాగ్ తప్పనిసరి. తప్పు వీరుడు ఎవరో ముందే తెలిసిపోతుందని దాన్ని దాచొద్దు. ఈ కోవ పాఠకులు ఆ ట్యాగ్ పట్టుకునే వస్తారు, వాళ్ళకు కావాల్సింది ఎలా అన్నది. ముఖ్య పాత్ర చనిపోతే ఆ హెచ్చరికను గాని, హెచ్చరికలు వాడదలచుకోలేదన్న గుర్తును గాని ఎంచుకోండి. బ్యాషింగ్ ఉంటే ఎవరి మీదో పేరు పెట్టి చెప్పండి.

డబ్బు తీసుకోవద్దు. ఏఓ3 వ్యాపారాన్ని ఒప్పుకోదు, చందా లింకు కూడా పెట్టనివ్వదు. మన దేశ కాపీరైట్ చట్టం (1957) ప్రకారం హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. మూలకథను అనుసరించి కొత్త రచన చేసే హక్కు కూడా అందులో భాగమే. 2003లో హ్యారీని కోల్‌కతాకు తీసుకొచ్చి ఒక బెంగాలీ పుస్తకం అచ్చయి అమ్మకానికి వస్తే, న్యాయవాదుల నోటీసుతో ప్రచురణకర్త దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ‘పాత్రలు నావి కావు’ అన్న ఒక్క వాక్యం అచ్చువేసి అమ్మేవాళ్ళను కాపాడదు.

పెట్టే ముందు ఇంకొకరి చేత చదివించండి, మూలకథ బాగా తెలిసినవాళ్ళొకరు, అసలు తెలియనివాళ్ళొకరు అయితే మేలు. మొదటివాళ్ళను తేదీలు, దండాలు, రక్తం లెక్క చూడమనండి. రెండోవాళ్ళను ఒకే ప్రశ్న అడగండి: తప్పు వీరుడు పేజీలో లేనప్పుడు అతను ఏం చేస్తున్నాడో అని అనిపించిందా? లేదంటే మధ్య అధ్యాయాలకు తిరిగి వెళ్ళండి. ఆఖరున సర్వనామాలు సరిచూసేటప్పుడు ‘వాడు’ అని వెతికి అన్నిచోట్లా ఒక్క నొక్కుతో ‘అతను’గా మార్చేయకండి. ‘వాడుక’ అన్న మాట ‘అతనుక’ అయి కూర్చుంటుంది, ‘అబద్ధాలవాడు’ ఏమవుతాడో చెప్పక్కర్లేదు.